బరువు ఎందుకుంటుంది: చేసి చూసి అర్థం చేసుకోవడం ఎలా

వస్తువుకి బరువెందుకు ఉంటుంది అని ఎవర్నడిగినా టక్కున వచ్చే జవాబు గ్రావిటీ వల్ల అని. తప్పేం కాదు. కానీ ఆ ఒక్క మాటతో ఆగిపోతే తర్వాత వచ్చే ప్రశ్నల దగ్గర ఇరుక్కుపోతాం, బరువైనదాన్ని భూమి ఎక్కువ లాగుతుంటే అదే ముందు పడాలి కదా ఎందుకు పడదు, లిఫ్ట్ బయల్దేరగానే కాళ్ల మీద భారం ఎందుకు మారుతుంది, స్పేస్ స్టేషన్లో ఉన్నవాళ్లు ఎందుకు తేలుతుంటారు, ఇలాంటివన్నీ. నా ఉద్దేశంలో వీటన్నిటికీ తాళంచెవి ఒకటే: మనకి బరువుగా తెలిసేది భూమి లాగడం కాదు, ఆ లాగుడుకి అడ్డంగా నిలబడి నేల మనల్ని పైకి తొయ్యడం. ఊరికే చదివితే ఇది నమ్మబుద్ధి కాదు, చేసి చూస్తే మాత్రం మళ్లీ మర్చిపోరు, అందుకే ఏం చెయ్యాలో వరసగా రాస్తున్నా.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. మనుషులు ఎక్కి నిలబడే వెయింగ్ మెషిన్ ఒకటి, ముల్లు తిరిగే రకం దొరికితే చాలా మంచిది ఎందుకంటే డిజిటల్‌వి చాలావరకు ఒక నంబర్ చూపించి అక్కడే ఆగిపోతాయి. మూత ఉన్న ప్లాస్టిక్ బాటిళ్లు రెండు, గట్టి అట్ట పుస్తకం, ఒక కాగితం, మీటరు కంటే కొంచెం పొడుగు దారం, దానికి కట్టడానికి ఇనప నట్టు లాంటిది ఏదైనా, కొలిచే టేపు, ఫోను.

ముందు మాస్‌నీ బరువునీ విడదీయండి

ఒక బాటిల్ నిండా నీళ్లు పోసి మూత పెట్టండి, రెండోది ఖాళీగా ఉంచండి, రెండిటినీ దారాలతో పక్కపక్కనే వేలాడదీయండి. ఇప్పుడు ఒక్కోదాన్ని వేలితో పక్కకి తొయ్యండి, కిందకి కాదు పక్కకి. ఖాళీది ఇట్టే కదులుతుంది, నిండుది మొరాయిస్తుంది, పైగా ఊగుతున్నప్పుడు ఆపాలన్నా వేలికి గట్టిగానే తగులుతుంది. గమనించండి, దాని బరువంతా దారం మోస్తోంది, మీ వేలు మొయ్యట్లేదు, అయినా కదలడానికి మొండికేస్తోంది. ఈ మొండితనమే ద్రవ్యరాశి, అంటే మాస్, కేజీల్లో కొలిచేది అసలు దీన్నే. భూమి మీదైనా చంద్రుడి మీదైనా ఎక్కడా ఏమీ లేని శూన్యంలోనైనా ఇది మారదు. స్పేస్ స్టేషన్లో నిలబడి బరువు చూసుకోవడం కుదరదు కాబట్టి అక్కడ ఇదే పద్ధతి వాడతారు, వ్యోమగామిని స్ప్రింగుతో తెలిసిన ఫోర్స్‌తో లాగి ఎంత చప్పున కదిలాడో చూసి ఒంట్లో ఎన్ని కేజీలున్నాయో తేలుస్తారు.

బరువు అలా కాదు, అది ఒక ఫోర్స్, న్యూటన్లలో కొలవాలి, చోటుని బట్టి మారుతుంది. మనం రోజువారీగా నా బరువు 60 కేజీలు అంటాం, దానివల్ల నష్టమేం లేదు, ఈ రెండూ ఒకటి కాదని గుర్తుంటే చాలు.

భూమి ఎంత లాగుతుందో లెక్క వెయ్యండి

1687లో న్యూటన్ చెప్పిన నియమం ఏంటంటే ప్రతి పదార్థమూ ప్రతి పదార్థాన్నీ లాగుతుంది, ఆ లాగుడు రెండిటి మాస్‌ల లబ్ధాన్ని బట్టి పెరుగుతుంది, మధ్య దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది, అంటే దూరం రెండింతలైతే లాగుడు నాలుగో వంతుకి పడిపోతుంది. ఫోన్లో కాలిక్యులేటర్‌ని సైంటిఫిక్ మోడ్‌లో పెట్టి ఇది కొట్టండి. గురుత్వ స్థిరాంకం, అంటే ఈ నియమంలో వాడే మారని సంఖ్య, 6.674 × 10⁻¹¹, దాన్ని భూమి మాస్ 5.97 × 10²⁴ కేజీలతో గుణించండి, సుమారు 3.98 × 10¹⁴ వస్తుంది. భూమి కేంద్రం నుంచి మనదాకా దూరం 6371 కిలోమీటర్లు, అంటే 6.371 × 10⁶ మీటర్లు, దాన్ని వర్గం చేస్తే 4.06 × 10¹³. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 9.8 వచ్చిందా? అదే, స్కూల్లో బట్టీ కొట్టించిన 9.8. ప్రతి కేజీనీ భూమి 9.8 న్యూటన్లతో లాగుతోందని దానర్థం, 60 కేజీల మనిషిని 588 న్యూటన్లతో.

ఇక్కడ చాలామందికి వచ్చే డౌటు, భూమి మన కాళ్ల కిందే ఉంది కదా, మరి దూరం సున్నా అనకుండా 6371 కిలోమీటర్లు అంటారేంటి అని. మనల్ని లాగేది కాళ్ల కింద మట్టి ఒక్కటే కాదు, భూమిలో ప్రతి ముక్కా లాగుతోంది, ఎడమ పక్కనున్న కొండ కొంచెం ఎడమకి, కుడి పక్కది కుడికి, భూగోళం అవతలి అంచున ఉన్న రాయి కూడా తన వంతు లాగుతోంది. పక్కలకి లాగేవన్నీ ఒకదానికొకటి కొట్టేసుకుని పోతే మిగిలేది కిందకి లాగేదే. గుండ్రటి గోళానికి ఇవన్నీ కూడితే మొత్తం మాస్ కేంద్రంలో ఒక్క చుక్కలో ఉన్నట్టే లెక్క తేలుతుందని న్యూటనే నిరూపించాడు. కింద అనే దిక్కు ఎప్పుడూ భూమి కేంద్రం వైపే ఎందుకుంటుందో కూడా దీంతోనే తెలిసిపోతుంది.

మరి ప్రతిదీ ప్రతిదాన్నీ లాగుతుంటే ఎదురుగా కూర్చున్న మనిషి మనల్ని లాగట్లేదా? లాగుతున్నాడు. 60 కేజీల ఇద్దరు మీటరు దూరంలో ఉంటే ఆ ఫోర్స్ 0.00000024 న్యూటన్లు, ఒక మిల్లీగ్రాముని నలభై ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క బరువంత. భూమి అంత పెద్దది కాబట్టే మనకి తెలుస్తోంది. ఇంత చిన్న లాగుడుని కూడా కొలిచినవాడు ఉన్నాడు, 1798లో హెన్రీ కావెండిష్ సీసం గుండ్ల మధ్య ఆకర్షణని సన్నటి తీగకి వేలాడే కడ్డీ మెలికతో పట్టుకుని భూమి సగటున నీళ్ల కంటే దాదాపు ఐదున్నర రెట్లు దట్టంగా ఉందని తేల్చాడు, ఇప్పటి లెక్క 5.51. ఆ రోజుల్లో ఆ పనిముట్లతో అంత దగ్గరికి రావడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

9.8 ని మీరే కొలవండి

పుస్తకంలో నంబర్ నమ్మడం వేరు, దారం కట్టి మనమే తెచ్చుకోవడం వేరు, ఈ ఒక్కటి మాత్రం వదలకుండా చెయ్యండి. నట్టుకి దారం కట్టి కదలని మేకుకో కొక్కేనికో వేలాడదీయండి. పైన కట్టిన చోటు నుంచి నట్టు మధ్యదాకా సరిగ్గా 1 మీటరు ఉండాలి, ముడి దాకా కాదు నట్టు మధ్యదాకా, చాలామంది ఇక్కడే తేడా చేస్తారు. కొంచెమే పక్కకి లాగి వదలండి, పది డిగ్రీలు దాటొద్దు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి 20 ఊపులకి ఎంత టైం పట్టిందో చూడండి, అటెళ్లి మళ్లీ ఇటొచ్చేస్తే అది ఒక ఊపు.

20 ఊపులకి 40 సెకన్లు, ఓ పిసరు అటూఇటూ రావాలి. 40.1 అనుకుందాం, 20తో భాగిస్తే 2.005, దాన్ని వర్గం చేస్తే 4.02. ఇప్పుడు 39.5ని (లోలకం సూత్రంలో వచ్చే 4 × π × π ఇది) దారం పొడవుతో గుణించి 4.02తో భాగించండి, 9.8 దగ్గరకొస్తుంది. మీకు 10.9 లాంటిది వస్తే అనుమానించాల్సింది లెక్కపెట్టడాన్నే, వదలగానే ఒకటి అని మొదలెట్టుంటారు, అప్పుడు నిజంగా అయినవి 19 ఊపులే. వదలగానే సున్నా అనాలి. తర్వాత నట్టు తీసేసి రెండింతలు బరువున్నది కట్టి మళ్లీ చెయ్యండి, మధ్యదాకా పొడవు అదే మీటరు ఉండేట్టు చూసుకోండి. టైం మారదు. ఎందుకు మారలేదో కింద చెప్తా.

ఈ నంబర్ భూమంతా ఒకేలా ఉండదు. 1672లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్ రిషే దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖకి దగ్గరున్న కయెన్‌కి లోలకం గడియారం తీసుకెళ్తే, పారిస్‌లో కరెక్టుగా నడిచింది అక్కడ రోజుకి దాదాపు రెండున్నర నిమిషాలు వెనకబడింది, లోలకాన్ని కొంచెం పొట్టి చేస్తే గానీ దారికి రాలేదు. భూమి నడుం దగ్గర ఉబ్బి ఉంటుంది, ధ్రువాలతో పోలిస్తే భూమధ్యరేఖ దగ్గర నేల కేంద్రానికి 21 కిలోమీటర్లు ఎక్కువ దూరం, దానికితోడు మనల్ని భూమితో పాటు తిప్పడానికే లాగుడులో కొంత ఖర్చవుతుంది. అందుకే అక్కడ 9.78, ధ్రువాల దగ్గర 9.83. స్ప్రింగ్ మెషిన్ మీద 60 కేజీల మనిషికి ఈ రెండు చోట్లకీ 300 గ్రాముల తేడా కనపడుతుంది. తక్కెడలో మాత్రం కనపడదు, ఎందుకంటే ఒక పళ్లెంలో మనం తేలికైతే రెండో పళ్లెంలో తూకం రాళ్లూ అంతే తేలికవుతాయి. స్ప్రింగ్ ఫోర్స్‌ని చూస్తుంది, తక్కెడ మాస్‌లని పోలుస్తుంది.

పుస్తకం, కాగితం

పుస్తకాన్నీ కాగితాన్నీ విడివిడిగా వదిలితే కాగితం ఊగుతూ లేటుగా వస్తుంది. ఇప్పుడు పుస్తకం కంటే చిన్నగా కత్తిరించిన కాగితాన్ని పుస్తకం మీద పెట్టి వదలండి. రెండూ అతుక్కున్నట్టు కలిసే పడతాయి. పుస్తకం కాగితాన్ని కిందకి లాగట్లేదు, గాలికి అడ్డం వెళ్తోందంతే. 1971 ఆగస్టు 2న అపోలో 15 కమాండర్ డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద ఒక చేత్తో సుత్తినీ ఇంకో చేత్తో డేగ ఈకనీ పట్టుకుని ఒకేసారి వదిలాడు, అక్కడ గాలి లేదు, రెండూ ఒకేసారి నేలని తాకాయి, వీడియో ఉంది వెతికి చూడండి.

కారణం మొదట్లో చేసిన బాటిళ్ల దగ్గరే ఉంది. రెండింతలు మాస్ ఉన్నదాన్ని భూమి రెండింతలు లాగుతుంది, నిజమే, కానీ అది కదలడానికి మొండికెయ్యడం కూడా రెండింతలే. రెండూ సరిగ్గా సరిపోతాయి. లోలకానికి బరువు మార్చినా టైం మారకపోవడం ఇందుకే. ఇది ఎంత కచ్చితంగా సరిపోతుందో చూడ్డానికి 2016లో మైక్రోస్కోప్ అనే ఫ్రెంచి ఉపగ్రహాన్ని పంపి రెండు వేర్వేరు లోహపు స్తంభాకారాలని కక్ష్యలో పోల్చి చూశారు, ఏ తేడా దొరకలేదు, వెయ్యి లక్షల కోట్లలో కొన్ని వంతుల దాకా.

ఇప్పుడు మెషిన్ పట్టుకుని లిఫ్ట్ ఎక్కండి

మెషిన్ మీద నిలబడి పైకెళ్లే బటన్ నొక్కండి, కళ్లు ముల్లు మీదే ఉండాలి. బయల్దేరిన ఆ సెకను రెండు సెకన్లు ముల్లు పైకి ఎగుస్తుంది, తర్వాత స్పీడు స్థిరపడగానే మామూలుకొచ్చేస్తుంది, ఆగబోయేటప్పుడు తగ్గుతుంది. లిఫ్ట్ సెకనుకి మీటరు చొప్పున స్పీడు పెంచుకుంటూ పోతే 60 కేజీల మనిషికి 66 చూపిస్తుంది, అదే రేటున తగ్గించుకుంటూ ఆగితే 54. మీ ఒంట్లో కేజీలు మారలేదు, భూమి లాగుడూ మారలేదు, మారింది మెషిన్ మిమ్మల్ని పైకి తోసే తోపుడు మాత్రమే, మెషిన్ చూపించేది ఎప్పుడైనా దాన్నే. మధ్యలో లిఫ్ట్ ఎంత స్పీడుగా వెళ్తున్నా సరే ఒకే స్పీడులో ఉన్నంతసేపు ముల్లు కదలదు, దీన్ని తప్పకుండా గమనించండి.

మెషిన్ లేకపోతే ఫోన్ చాలు. ఫైఫాక్స్ అని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఫ్రీ యాప్ ఉంది, అందులో త్వరణం చూపించేవి రెండుంటాయి, జీ తో (జీ అంటే ఆ 9.8) కలిపి ఉన్నది తెరవండి. ఫోన్‌ని టేబుల్ మీద కదలకుండా పెడితే సున్నా చూపించాలి కదా అనుకుంటాం, 9.8 చూపిస్తుంది. తర్వాత రికార్డింగ్ ఆన్ చేసి మెత్తటి పరుపు మీదకి అర మీటరు ఎత్తునుంచి వదిలి గ్రాఫ్ చూడండి, పడుతున్న ఆ కాసేపు గీత సున్నా దగ్గరకి దిగిపోతుంది. కదలకుండా ఉంటే 9.8, పడుతుంటే సున్నా. లోపలున్న సెన్సార్‌కి గ్రావిటీ తెలియదు, టేబుల్ తోపుడే తెలుసు. మన ఒళ్లూ అంతే.

చిల్లు బాటిల్

నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇది. ప్లాస్టిక్ బాటిల్‌కి అడుగు నుంచి రెండు వేళ్ల ఎత్తులో పక్కన మేకుతో ఒక చిల్లు పెట్టండి, వేలితో మూసి నీళ్లు పోయండి, పైన మూత పెట్టొద్దు. ఆరుబయట తడిసినా పర్లేని చోట చెయ్యెత్తి పట్టుకుని వేలు తియ్యండి, నీళ్లు ధారగా చిమ్ముతాయి. ఇప్పుడు బాటిల్ వదిలెయ్యండి, పక్కన ఎవరైనా ఫోన్లో స్లో మోషన్లో తీస్తే ఇంకా మంచిది. వదిలిన క్షణంలో ధార ఆగిపోతుంది. చిల్లు తెరిచే ఉంది, నీళ్లు లోపలే ఉన్నాయి, కానీ బయటికి రావు, నేలకి తగిలేదాకా.

పట్టుకున్నప్పుడు పైనున్న నీళ్లు కిందున్న నీళ్ల మీద కూర్చుని నొక్కుతున్నాయి, ఆ నొక్కుడే చిల్లులోంచి చిమ్మింది. వదిలేశాక బాటిలూ పై నీళ్లూ కింది నీళ్లూ అన్నీ ఒకే రేటున పడుతున్నాయి, ఎవరూ ఎవరి మీదా కూర్చోలేదు, నొక్కేవాళ్లే లేరు. భూమి లాగుడు మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు.

దీన్నే పైకి విసిరి చూడండి, విసిరే ముందు ఏమవుతుందో పక్కవాళ్లని అడగండి. పైకెళ్లేటప్పుడు నీళ్లు కారతాయి, కిందకొచ్చేటప్పుడు ఆగుతాయి అనే చాలామంది చెప్తారు. కానీ చెయ్యి వదిలిన దగ్గర్నుంచే ధార ఆగుతుంది, పైకెళ్తున్నప్పుడు కూడా. చెయ్యి వదిలాక పైకెళ్తున్నా కిందకొస్తున్నా లెక్కలో పడుతున్నట్టే, గ్రావిటీ తప్ప ఇంకేదీ దాన్ని తాకట్లేదు కాబట్టి.

స్పేస్ స్టేషన్ కథ కూడా అచ్చం ఇదే. అది ఉండేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో, ఇందాకటి లెక్కలో 6371 బదులు 6771 పెట్టి చూడండి, 8.7 వస్తుంది, అంటే నేలమీద ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం గ్రావిటీ అక్కడా ఉంది. అక్కడ గ్రావిటీ లేదు అనేది ఎంతమంది చెప్పినా తప్పే. స్టేషన్ సెకనుకి 7.7 కిలోమీటర్ల స్పీడుతో పక్కకి దూసుకెళ్తూ పడుతూనే ఉంటుంది, అది పడేలోపు కింద భూమి కూడా వంగిపోతుంది, కాబట్టి ఎప్పటికీ తగలదు. స్టేషనూ మనుషులూ కలిసి పడుతుంటే నేల తోసేదేముంది.

చంద్రుడూ అంతే. భూమి కేంద్రం నుంచి మనం ఎంత దూరమో చంద్రుడు దానికి 60 రెట్లు దూరం, కాబట్టి లాగుడు 60 × 60, అంటే 3600వ వంతుకి తగ్గాలి. ఇక్కడ వదిలిన రాయి మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది, దాన్ని 3600తో భాగిస్తే దాదాపు 1.4 మిల్లీమీటర్లు, చంద్రుడు తన దారిలో సెకనుకి భూమివైపు వంగేది కూడా సరిగ్గా అంతే. చేతిలోంచి జారిన రాయికీ ఆకాశంలో చంద్రుడికీ ఒకటే నియమం అని న్యూటన్‌కి ధైర్యం వచ్చింది ఈ లెక్కతోనే.

ఇక అసలు మాస్ మాస్‌ని ఎందుకు లాగుతుంది అనేది న్యూటన్ చెప్పలేదు, చెప్పనని రాసుకున్నాడు కూడా. 1907లో ఐన్‌స్టైన్ పట్టుకున్నది మనం బాటిల్‌తో చూసిన ఈ విషయాన్నే, పడుతున్న మనిషికి తన బరువు తెలియదు అని. అక్కడ మొదలెట్టి 1915కల్లా మాస్ చుట్టూ కాలమూ స్థలమూ వంపు తిరుగుతాయని తేల్చాడు, అడ్డం లేకపోతే వస్తువులు ఆ వంపు వెంట పోతుంటాయి, నేల అడ్డొచ్చి ఆ దారి తప్పిస్తే అదే మనకి బరువు. ఇది గాల్లో మాట కాదు, గ్రావిటీ తక్కువున్న ఎత్తులో గడియారాలు నిజంగానే ఫాస్టుగా నడుస్తాయి, జీపీఎస్ ఉపగ్రహాల్లో ఈ ఒక్క కారణానికే రోజుకి 45 మైక్రోసెకన్లు ముందుకెళ్తాయి, స్పీడు వల్ల 7 వెనక్కి తగ్గుతాయి, మిగిలిన 38ని సరిచెయ్యకపోతే మ్యాప్ తప్పు చూపిస్తుంది.

గాలి పైనుంచి నొక్కడం వల్లే బరువు అనేవాళ్లు ఇంకా ఉన్నారు. సుత్తీ ఈకా పడిన చోట గాలే లేదని గుర్తు చెయ్యండి. నిజానికి గాలి మనల్ని పైకి లేపుతుంది, నీళ్లలో తేలినట్టే కానీ బాగా తక్కువ, 60 కేజీల మనిషికి ఓ 70 గ్రాములు. భూమి తిరగడం వల్ల బరువు అనేది కూడా తలకిందుల మాట, తిరగడం వల్ల తగ్గుతుందని పైన చూశాం.

వేరే చోట మీ బరువు

దీనికి రెండే నంబర్లు చాలు, ఆ గ్రహం భూమికి ఎన్ని రెట్లు మాస్, ఎన్ని రెట్లు వ్యాసార్థం. మొదటిదాన్ని రెండోదాని వర్గంతో భాగించి మీ బరువుతో గుణించండి. చంద్రుడి మాస్ భూమిలో 81వ వంతు, మరి బరువు 81 రెట్లు తగ్గాలి కదా అంటే, చంద్రుడు చిన్నోడు కాబట్టి కేంద్రం మనకి 3.7 రెట్లు దగ్గర, దాని వర్గం 13.7, ఆ మేరకి లాగుడు తిరిగి పెరిగి చివరికి ఆరో వంతు దగ్గర తేలుతుంది. అంగారకుడు 0.107 మాస్, 0.532 వ్యాసార్థం, కొట్టి చూస్తే 0.38 వస్తుంది, 60 కేజీలవాళ్లకి మెషిన్ మీద 23 చూపిస్తుంది. గురుడికి 318, 11.2 వేస్తే రెండున్నర రెట్లు. శనిగ్రహం దగ్గర జవాబు విడ్డూరంగా ఉంటుంది, భూమికి 95 రెట్లు మాస్ ఉండి కూడా వ్యాసార్థం 9.4 రెట్లు కాబట్టి బరువు రమారమి ఇక్కడున్నంతే, కాకపోతే గురుడికీ శనికీ నిలబడ్డానికి గట్టి నేల లేదు, ఈ లెక్క పై మబ్బుల దగ్గరిది.